మృగశిరకు ఫ్రీజర్ చేప: దిగుమతి ప్యాకెట్ మీద ఏమేం చూడాలె?

హన్మకొండ_చౌరస్తా · మే 30, రాత్రి 8:40

మృగశిర కార్తెకు పట్టుమని పది రోజుల్లేదు. ఆ నాడు కొర్రమీను ధర ఎక్కడ ఆగుతదో ఎవలికి తెల్వది. ఇంట్ల చిన్నపిల్లలకు ముళ్లు తీసి పెట్టుడు కష్టం, అందుకే ఈసారి ముళ్లు తీసి కోసిన బాసా చేప ముక్కలు (ఫిల్లెట్) తెద్దామనుకుంటున్నం. సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌ల రెండు రకాలున్నయి. ఒకదాని మీద వియత్నాం అని రాసున్నది. ఇంకోదాని మీద దేశం పేరే లేదు, కిలోకు నూరు రూపాయలు తక్కువ. రెండిట్ల ఏది తీసుకోవాలె? అసలు సముద్రాలు దాటి వచ్చిన చేప మనదాకా వచ్చేసరికి మంచిగుంటదా? తెలిసినోళ్లు జర వివరంగా చెప్పుండ్రి.

చల్లపెట్టె · మే 30, రాత్రి 9:05

దేశం పేరు లేని ప్యాకెట్‌ను అక్కడనే పెట్టేయండి అన్నా. దిగుమతి సరుకైతే ఏ దేశంలో తయారైందో, దిగుమతి చేసుకున్నోళ్ల పేరు, చిరునామా రాయాల్సిందే. అవి మామూలుగా అసలు ప్యాకెట్ మీద తెల్ల స్టిక్కర్‌గా ఉంటయి.

తర్వాత ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ చూడండి. మొదటి అంకె 1 అయితే లైసెన్స్, 2 అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. ఆ పక్క రెండంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36. కేంద్ర లైసెన్స్ అయితే ఆ చోట 00 ఉంటది. దిగుమతిదారుకు కేంద్ర లైసెన్స్ తప్పనిసరి కాబట్టి 100తో మొదలయ్యే నంబర్ ఎక్కడో ఒక చోట కనపడాలె. 'వియత్నాం బాసా' అని చెప్తూ 236తో మొదలయ్యే నంబర్ ఒక్కటే ఉందంటే, పెద్ద అట్టపెట్టె విప్పి ఎవరో ఇక్కడ చిన్న కవర్లలోకి మార్చిండ్రన్నట్టు. మార్చుడే నేరం కాదు. కానీ ఏ దఫా తయారైందో చెప్పే అసలు లాట్ నంబర్, అసలు గడువు తేదీ ఆ అట్టపెట్టెతోనే చెత్తకుప్పలోకి పోతయి. కవర్ మీద కొత్తగా కొట్టిన తేదీ చేపను మొదట ప్యాక్ చేసిన నాటిదా, ఈ కవర్‌లోకి మార్చిన నాటిదా అన్నది మనకు తెలిసే దారి లేదు.

గోదారిఖని_గాలం · మే 30, రాత్రి 9:31

దిగుమతి సరుకు అంటే గడువుల కనీసం 60 శాతం మిగిలుంటేనే పోర్టుల వదులుతరు కదా? అట్లయితే కొత్త సరుకే వస్తున్నట్టు లెక్క.

చల్లపెట్టె · మే 30, రాత్రి 9:48

సగమే చదివినవ్ తమ్మీ. రూలు ఏందంటే: 60 శాతం గడువు, లేకపోతే మూడు నెలలు, రెండిట్ల ఏది తక్కువైతే అది. ఫ్రోజెన్ ఫిల్లెట్‌కు 24 నెలల గడువు ఇచ్చిండ్రనుకో. 60 శాతం అంటే 14 నెలల పైన. మూడు నెలలు అంతకన్న తక్కువ కాబట్టి 21వ నెలలో కూడా ఆ సరుకు దర్జాగా దిగొచ్చు. కాబట్టి గడువు తేదీ ఒక్కటే కాదు, తయారీ తేదీ చూడాలె. తొమ్మిది, పది నెలల లోపుదైతే తీసుకుంటా. గడువుకు నెలా రెండు నెలలే ఉండి 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అని పెట్టిండ్రంటే ఎందుకు పెట్టిండ్రో అర్థం చేసుకో.

గోదారిఖని_గాలం · మే 30, రాత్రి 10:02

సరే అన్నా, తేదీల సంగతి అట్లుంచు. అసలు వియత్నాం బాసా అంటేనే మురికి నీళ్ల చేప కదా? వాట్సాప్‌ల వీడియో తిరుగుతనే ఉంటది.

మొప్పలు_చూడాలి · మే 31, ఉదయం 6:50

ఆ వీడియో చాలా ఏళ్లుగా తిరుగుతోంది. బాసా పేరుతో మనకొచ్చేది పంగాసియస్ జాతి, మెకాంగ్ డెల్టాలో చెరువుల్లో పెంచుతారు. అదే జాతిని మన కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లోనూ పెంచుతున్నారు. వరంగల్ మార్కెట్లో 'ఫంగస్ చేప' అని తక్కువ ధరకు అమ్మేది అదే. పేరు విని బూజు పట్టిన చేప అనుకుని వెనక్కి తగ్గేవాళ్లూ ఉన్నారు, అది పంగాస్‌కు మన నోట్లో వచ్చిన రూపం మాత్రమే.

తేడా నీళ్లలో ఉంది. నీరు బాగా మారే చెరువుల్లో పెరిగితే కండ తెల్లగా వస్తుంది. నీళ్లు మార్చకుండా ఒత్తుగా పెంచితే పసుపు తిరుగుతుంది, మట్టి వాసన పడుతుంది. ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది, నీళ్లలోని నాచు, సూక్ష్మజీవుల నుంచి వస్తుంది. ఆరోగ్యానికి చేటు చేయదు గానీ ఎంత మసాలా వేసినా పోదు. వ్యాపారంలో తెలుపు, లేత గులాబీ, గులాబీ, లేత పసుపు, పసుపు అని గ్రేడులే ఉన్నాయి, ధర ఆ వరసలోనే దిగుతుంది. కిలోకు నూరు తక్కువైన ప్యాకెట్ విప్పితే లోపల పసుపు ముక్కలు ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అసలు అడగాల్సింది యాంటీబయాటిక్స్ గురించి. చేపల్ని ఒత్తుగా పెంచే ప్రతి చోటా ఆ ప్రలోభం ఉంటుంది, అది వియత్నాం కావచ్చు, భీమవరం కావచ్చు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు మన చట్టం ప్రకారం చేపల్లో, రొయ్యల్లో పూర్తిగా నిషిద్ధం. ఇవే అవశేషాలు దొరికాయని మన రొయ్యల్ని అమెరికా, యూరప్ తిప్పి పంపిన సందర్భాలున్నాయి. ఈ అవశేషాలు కంటికి కనపడవు, ముక్కుకు తెలియవు, వండితే పోయే రకమూ కాదు. అందుకే ఫ్యాక్టరీ నంబర్ ఉన్న ప్యాకెట్ కొనమంటున్నాను. వియత్నాం ప్యాకెట్ మీద 'డీఎల్' అక్షరాలు, పక్కన కొన్ని అంకెలు ఉంటాయి. అది అక్కడి ప్రభుత్వం ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన గుర్తింపు. ఎప్పుడైనా ఒక లాట్‌లో తేడా బయటపడితే వెనక్కి వెతకడానికి అదే ఆధారం.

ఇంకో మాట. ఒమేగా-3 కోసం బాసా తినడం దండగ. ఆ లెక్కన సముద్రపు చేపలైన కానాగంత, కవళ్లు ఎన్నో రెట్లు నయం.

తక్కెడ · మే 31, ఉదయం 9:15

కిలోకు నూరు తక్కువ అన్న మాట దగ్గర ఆగుదాం, ఎందుకంటే ఈ సరుకులో మనం ఎక్కువ మోసపోయేది బరువు దగ్గరే.

ఫ్రోజెన్ ముక్క ఆరిపోకుండా పైన పలుచటి ఐసు పొర పట్టిస్తారు, దాన్ని గ్లేజ్ అంటారు. అది అవసరమే, లేకపోతే ముక్క తెల్లగా ఎండిపోయి అట్టముక్క అయితది. కానీ అంతర్జాతీయ ఆహార ప్రమాణం (కోడెక్స్) ప్రకారం నికర బరువులో గ్లేజ్ కలపొద్దు. కొందరు కలుపుతరు. ఇంట్లో పట్టుకునే పద్ధతి చెప్తా, ఒక గ్రాము తేడా చూపే వంటింటి కాటా చాలు.

ప్యాకెట్ విప్పి ముక్కల్ని గడ్డగా ఉండగానే తూయండి. జల్లెడలో పరిచి నల్లా కింద చల్లటి నీళ్లు సన్నగా పారనియ్యండి. వేలితో రుద్దితే జారుడుగా తగిలేదంతా ఐసే. ఎప్పుడైతే వేలికి గరుకుగా కండ తగిలిందో అప్పుడు ఆపేయండి. ఇంకా ఉంచితే చేపే కరుగుతది, లెక్క తప్పుతది. జల్లెడ వంచి రెండు నిమిషాలు నీళ్లు ఓడనిచ్చి, బట్టతో అద్ది తూయండి. ఇది రెండో బరువు. మూడోది: ఆ ముక్కల్ని మూతున్న డబ్బాలో పెట్టి రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో వదిలేసి, తెల్లారి డబ్బాలో చేరిన నీళ్లు పారబోసి తూయండి.

ఉదాహరణకు 480 రూపాయల కిలో ప్యాకెట్. గ్లేజ్ పోయినంక 820 గ్రాములు, తెల్లారి 740 అనుకోండి. మీరు కొన్న చేప ధర కిలోకు 480 కాదు, దాదాపు 649. పక్క ప్యాకెట్ 580 అయినా గ్లేజ్ తక్కువుండి 930 గ్రాములు తేలితే, దాని ధర 624. ఖరీదనుకున్నదే చవకైంది.

కాజీపేట_కడాయి · మే 31, ఉదయం 10:20

తక్కెడ అన్న చెప్పిన మూడో బరువులో అసలు కథ ఉంది. గ్లేజ్ పోయినంక కూడా 80 గ్రాముల నీళ్లు ఎక్కడి నుంచి దిగినయ్? కొంత మామూలుగా ఓడేదే, ఎక్కువైతే ఫాస్ఫేట్ మీద అనుమానం. ఫ్యాక్టరీలో ఫిల్లెట్లను సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ కలిపిన చల్లటి నీళ్లలో నానబెడతరు. కొద్దిగా వాడితే కండ నీరు కోల్పోకుండా మెత్తగా ఉంటది, చట్టం కూడా పరిమితి లోపల ఒప్పుకుంటది. గంటలకు గంటలు నానబెడితే కండ స్పాంజి లెక్క నీళ్లు తాగుతది. లేబుల్ మీద ఐఎన్‌ఎస్ 450, 451, 452 అంకెలు (ఫాస్ఫేట్లకు ఇచ్చిన నంబర్లు) వెతకండి. ఏ పదార్థాలూ రాయకుండా 'చేప' అని ఒక్క మాట రాసి, మూకుట్లో వేసినంక తెల్ల నురగతో నీళ్లు వదిలితే రాత మీద అనుమానపడాల్సిందే.

అపోలో ఫిష్ చేసేటోళ్లకు ఇది బాగా అర్థమైతది. కార్న్‌ఫ్లోర్, గుడ్డు పట్టించి నూనెలో వేయంగనే పొర ఊడి వేరే తేలుతది, ముక్క లోపల రబ్బరు లెక్క సాగుతది, తింటే సబ్బు రుచి. అది వంట తప్పు కాదు. అట్లాంటి ముక్క చేతికొస్తే ఉప్పు పట్టించి పావుగంట జల్లెడలో ఉంచి, బట్టలో గట్టిగా ఒత్తి, అప్పుడు పిండి పెట్టండి. కొంత నయం.

పులుసు పెడదామనుకునేటోళ్లకు: బాసాను కొర్రమీను లెక్క మొదటి నుంచి చింతపండు రసంలో ఉడికిస్తే గరిటె తిప్పేసరికి ముక్క మాయం. పులుసు చిక్కబడి నూనె తేలినంక వేసి, ఆరేడు నిమిషాలు మూత పెట్టి దించేయాలె. గరిటె పెట్టొద్దు, గిన్నె పట్టుకొని తిప్పాలె.

చల్లపెట్టె · మే 31, మధ్యాహ్నం 1:10

నా దృష్టిలో వియత్నాం నుంచి పోర్టు దాకా పెద్ద భయం లేదు. రీఫర్ (ఫ్రీజర్ ఉన్న) కంటైనర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర చల్లదనం కొలత రాసిపెట్టుకుంటూ వస్తది. తేడా జరిగేది చివరి 150 కిలోమీటర్లలో: హైదరాబాద్ కోల్డ్ స్టోరేజీ నుంచి మన దుకాణం ఫ్రీజర్ దాకా. చిన్న ఆర్డరైతే థర్మాకోల్ డబ్బాలో మామూలు బండిలో వస్తది. మే నెలలో బయట 43, 44 డిగ్రీలుంటే మూడు గంటలు దాటిన డబ్బాలో పై వరస మెత్తబడతది. దుకాణంలో పడేసినంక మళ్లీ గడ్డకడతది. కంటికి గట్టిగానే ఉంటది.

కరిగి మళ్లీ గట్టిపడ్డ ప్యాకెట్‌ను ఇట్ల గుర్తుపట్టొచ్చు: విడివిడిగా ఉండాల్సిన ముక్కలు ఒకదానికొకటి అతుక్కొని దిమ్మె అయితయి. కవర్‌కు ఒక మూలన ఐసు బిళ్ల కట్టి ఉంటది, అంటే అటు వాలి ఉన్నప్పుడు నీళ్లు అక్కడ చేరి గడ్డకట్టినయన్నట్టు. కవర్ లోపల మంచు పొడి రాలుతుంటే చల్లదనం పైకీ కిందికీ ఊగుతున్నది. తెల్ల మచ్చలుంటే ఆ చోట ముక్క ఎండింది, రోగం రాదు కానీ రుచి చచ్చిపోయింది.

దుకాణానికి పొద్దున షట్టరెత్తంగనే పోండి. అద్దం లోపలి వైపు నీళ్లు కారుతూ, పై ప్యాకెట్లు వేలితో నొక్కితే వంగుతుంటే రాత్రి కరెంటు బిల్లు మిగిలించుకున్నరని అర్థం. ఫ్రీజర్ గోడ మీద నింపాల్సిన ఎత్తు గీత ఉంటది, దానిపైన పేర్చినవి తీసుకోవద్దు. తుపాకీ లెక్క ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను నమ్మకండి, అది పైపొర వేడే చెప్తది. సన్న పుల్ల థర్మామీటర్‌ను రెండు ప్యాకెట్ల మధ్యన ఐదు నిమిషాలు ఇరికించి చూస్తే అసలు లెక్క తెలుస్తది.

కరీంనగర్_అక్క · మే 31, మధ్యాహ్నం 3:25

బాసా సంగతి బాగా చెప్పిండ్రు. ఫ్రోజెన్ కానాగంత, కవళ్లు ఒమన్ నుంచి వస్తున్నయట, డబ్బా ట్యూనా థాయ్‌లాండ్‌ది. వీటికీ ఇవే లెక్కలా?

మొప్పలు_చూడాలి · మే 31, సాయంత్రం 4:40

వీటికి ఇంకో లెక్క ఉంది అక్కా, అది బాసాకు లేదు. కానాగంత, కవళ్లు, ట్యూనా కండలో హిస్టిడిన్ అనే ప్రోటీన్ భాగం ఎక్కువ. పట్టిన తర్వాత ఎక్కడైనా కొన్ని గంటలు వెచ్చగా ఉంటే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్ అనే ఒంటికి పడని పదార్థంగా మార్చేస్తుంది. ఒకసారి పుట్టిన హిస్టమిన్ గడ్డకట్టించినా పోదు, వేయించినా పోదు, డబ్బాలో పెట్టి ఉడికించినా పోదు. వాసన కూడా రాకపోవచ్చు. మన ప్రమాణం ప్రకారం పరీక్షకు తొమ్మిది నమూనాలు తీస్తే ఒక్కటి కూడా కిలోకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. తొమ్మిది ఎందుకంటే ఒకే పెట్టెలో ఒక చేప బాగుండి పక్కది విషమై ఉండొచ్చు. ఇంట్లో కూడా అంతే, ఒకే కూర తిన్న ఇద్దరిలో ఒకరికే తేడా చేయొచ్చు.

హిస్టమిన్ లోపలికి పోయిందంటే గుర్తులివి: తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు మొహం, మెడ ఎర్రబడి మంటెత్తడం, తలనొప్పి, దురద, గుండె దడ. నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటే ఆ ముద్ద ఉమ్మేయండి. చాలామంది 'చేప పడదు' అని జన్మంతా మానేస్తారు గానీ, అది అలర్జీ కాకపోవచ్చు, ఆ ఒక్క చేప చెడిపోయి ఉండొచ్చు. ఊపిరి ఆడకపోతే మాత్రం ఏదైందని ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

డబ్బా ట్యూనాలో ఉబ్బిన డబ్బా, అంచు దగ్గర సొట్టపడ్డ డబ్బా వద్దు. తెరిచాక మిగిలింది స్టీలు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. లేబుల్ మీద ఎఫ్‌ఏఓ 51, 57, 71 లాంటి అంకెలుంటే, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్కలో అది చేపను పట్టిన సముద్రం. 51 పశ్చిమ హిందూ మహాసముద్రం, 57 తూర్పుది, 71 పసిఫిక్ పడమటి మధ్య భాగం. ఈ అంకె రాసిన కంపెనీకి తన సరుకు ఎక్కడిదో తెలుసు, నాకు ఆ మాత్రం చాలు. గర్భిణులకు సొర చేప, కత్తి చేప లాంటి పెద్ద వేట చేపలు పెట్టవద్దు, పాదరసం వాటిలో ఎక్కువగా పేరుకుంటుంది.

మానేరు_గట్టు · మే 31, రాత్రి 7:55

పేర్ల మోసం గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. 'చందువ' అని ఐసు మీద పెట్టి అమ్మేదాంట్ల చాలావరకు రూప్‌చంద్. అది దక్షిణ అమెరికా నదుల చేప, ఇప్పుడు మన దగ్గర చెరువుల్లనే పెంచుతున్నరు. తినడానికి భయం లేదు, సముద్రపు చందువ ధర పెట్టుడే బాధ. నోరు తెరిచి చూడుండ్రి, రూప్‌చంద్‌కు మనిషి పండ్ల లెక్క వరుస పండ్లుంటయి, పొట్ట కింద ఎర్ర ఛాయ ఉంటది. వీపు రెక్క దాటినంక తోక ముందట చిన్న కండ రెక్క ఇంకోటి ఉంటది. అసలు చందువకు నోరు చిన్నది, పొట్ట కింద జంట రెక్కలు ఉండనే ఉండయి, తోక కత్తెర లెక్క లోతుగా చీలి ఉంటది. తల కోసి, తోక తీసేసి 'శుభ్రం చేసి ఇస్తం' అని ముందే ముక్కలు కొట్టి పెట్టిండ్రంటే ఎందుకో ఆలోచించుండ్రి.

'ఇండియన్ సాల్మన్' అంటే మన మాగ చేప. నార్వే సాల్మన్‌కు దానికి చుట్టరికమే లేదు. ప్యాకెట్ మీద శాస్త్రీయ నామం సాల్మో సలార్ అని ఉంటే అది అట్లాంటిక్ సాల్మన్. హోటళ్ల క్రాబ్ స్టిక్స్‌ల పీత ఉండుడు అరుదు, వేరే చేపల గుజ్జుకు గుడ్డు తెల్లసొన, పిండి కలిపి రంగేస్తరు. గుడ్డు, గోధుమ పడనోళ్లు జాగ్రత్త. ఇంక 'ఇంపోర్టెడ్ ప్రాన్స్' అన్న బోర్డు చూస్తే నవ్వొస్తది. వనామీ రొయ్య జాతి పసిఫిక్‌దే గానీ 2009ల అనుమతి వచ్చినంక మన కోస్తా రొయ్యల చెరువుల్ల ఎక్కువగా అదే. మనమే ప్రపంచానికి పంపుతున్నం.

గోదారిఖని_గాలం · మే 31, రాత్రి 8:30

చేప చెడకుండ కొట్టే ఫార్మాలిన్ సంగతేంది? ఈగలు వాలకపోతే మందు కొట్టినట్టే అంటరు.

చల్లపెట్టె · మే 31, రాత్రి 9:00

ఈగల పరీక్షతో ఏమీ తేలదు తమ్మీ. ఐసు గట్టిగా ఉన్నా ఈగ వాలదు. 2018లో కేరళలో పెద్ద ఎత్తున దొరికినంక కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసిన కాగితపు పట్టీల కిట్ అందరి నోట్ల పడ్డది. చేప మీద మూడు నాలుగు చోట్ల పట్టీ రుద్ది, కిట్‌లోని ద్రవం చుక్క వేసి, రెండు నిమిషాలాగి డబ్బా మీది రంగులతో పోల్చాలె. కొన్ని సముద్రపు చేపల్ల గడ్డకట్టించి దాచినప్పుడు ఫార్మాలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ కొద్దిగా దానంతట అదే పుడతది, కాబట్టి పట్టీ లేతగా రంగు మారంగనే దుకాణం మీద పడొద్దు. అది అనుమానమే, ఆధారం ల్యాబ్ రిపోర్టు. నిజానికి మైనస్ 18లో వచ్చే ఫిల్లెట్‌కు ఆ మందు పని లేదు. వట్టి ఐసు మీద దూరం నుంచి వచ్చే చేప దగ్గరే చూసుకోవాలె.

తక్కెడ · మే 31, రాత్రి 9:35

ల్యాబ్ మాట వచ్చింది కాబట్టి: ఆహార భద్రత చట్టం సెక్షన్ 40 ప్రకారం కొన్న మనిషి కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. కానీ పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలె. ఇంటికి తెచ్చి సగం తిన్నంక పంపితే నిలవదు. కల్తీ తేలితే ఫీజు తిరిగిస్తరు. మన రాష్ట్ర ల్యాబ్ హైదరాబాద్ నాచారంలో ఉంది. చేప కరగకుండా అక్కడిదాకా పోవాలె, అదే పెద్ద పని. అంత ఓపిక లేకపోతే బిల్లు, లేబుల్ రెండు వైపులా, లాట్ నంబర్ ఫోటోలు తీసి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో పెట్టండి, లేదా 1800112100కు చేయండి. 'చేప బాలేదు' అని కాకుండా 'గడువు తేదీ మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉంది' అన్నట్టు రాస్తే కదలిక ఉంటది.

హన్మకొండ_చౌరస్తా · జూన్ 1, ఉదయం 7:20

అందరికీ దండాలు. వియత్నాం ప్యాకెట్ ఫోటోల చూసిన: నంబర్ 100తోని మొదలైంది, డీఎల్ కూడా ఉన్నది, తయారీ ఏడు నెలల కింద. పదార్థాలల్ల ఐఎన్‌ఎస్ 451 రాసిండ్రు. వ్యాక్యూమ్ ప్యాకింగ్. ఇగ కరిగించుడు ఎట్ల? కార్తె నాడు కరెంటు మీద భరోసా లేదు.

మొప్పలు_చూడాలి · జూన్ 1, ఉదయం 7:45

451 రాశారంటే దాచలేదు, మంచిదే. వ్యాక్యూమ్ కవర్‌ను మాత్రం కరిగించే ముందు కత్తితో ఒక కోత పెట్టండి. గాలి లేని చోట బొట్యులినమ్ అనే విషం పుట్టించే బ్యాక్టీరియా రకం ఒకటి 3.3 డిగ్రీల దగ్గర కూడా పెరగగలదు, వాసన ఇవ్వదు. కోత పెట్టి, గిన్నెలో ఉంచి, ముందు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దించండి. వంటింటి గట్టు మీద, వేడి నీళ్లలో వద్దు. పైది ఉడికినట్టయి లోపల గడ్డ మిగులుతుంది.

చల్లపెట్టె · జూన్ 1, ఉదయం 8:10

దుకాణం నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు థర్మాకోల్ డబ్బాలో కిలో చేపకు కిలో ఐసు, కింద సగం, పైన సగం. కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తెరవకుండ్రి, నిండుగా ఉంటే చాలా గంటలు ఆగుతది. ఖాళీ ఉంటే నీళ్ల సీసాలు గడ్డకట్టించి నింపిపెట్టండి. ఒకసారి పూర్తిగా కరిగింది మళ్లీ గడ్డకట్టించొద్దు, ఆ పూటకే వండేయండి.

కాజీపేట_కడాయి · జూన్ 1, ఉదయం 8:25

పిల్లలకు బాసా వేపుడు, పెద్దలకు అరకిలో కొర్రమీను పులుసు. అదైతే తొట్లె ప్రాణంతో కొట్టుకుంటది, లేబుల్ చదివే పని లేదు. కాకపోతే ఏడో తారీఖు సాయంత్రమే తెచ్చి నీళ్ల బకెట్ల వేసి, ఎగిరి బయట పడకుండా పైన జల్లెడ బోర్లించి బరువు పెట్టుకోండి.